రెండు మొండిఘటాలు

స్టాఫ్‌రూమ్
కాలేజీ తెరిచిన వారం

వదినా,

ఎట్టకేలకు ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు. జంతుశాస్త్ర విభాగం ముందు వసారాలో, ఇన్నాళ్ళూ విరిగిన బెంచీలు పడేసే మూలలో, పగడాల అక్వేరియం పెట్టుకోవచ్చన్నారు. ఒక్కటే షరతు. "అది బతికితే విభాగానిది మేడమ్, చస్తే మీది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ ఆయన నవ్వు సంగతి నీకు ఇదివరకే రాశాను, ముందు పెదాలకి వస్తుంది, కళ్ళ దాకా ఒక్కోసారి రానే రాదు.

ఈ ఉత్తరం సంతోషం పంచుకోవడానికే అనుకుంటే పొరపాటు. గాజుతొట్టి, రాళ్ళు, ఉప్పు, లైటు, హీటరు ఏవి కొనాలో తేలిపోయింది. నీళ్ళు తిప్పే పంపు దగ్గర బండి ఆగింది. పగడం కదలలేదు, కాబట్టి దాని తిండీ దాని గాలీ దాని దగ్గరికే నడిచి రావాలి, సముద్రంలో ఆ పని అల చేస్తే తొట్టిలో పంపు చేస్తుంది అని ఏటా క్లాసులో చెప్తాను. చెప్పడం బాగానే వచ్చు, కొనడమే రాదు. దుకాణంలో మూడు రకాలు చూపించారు. ఖరీదైనది కొంటే కాలేజీ సొమ్ము కదా అని తగలేశానంటారు. చవకది కొంటే కక్కుర్తిపడ్డానంటారు. మధ్యది కొంటే ఎందుకు కొన్నానో నేనే చెప్పలేను.

మీ ఉప్పునీటి అక్వేరియం సంఘం పత్రిక కోసం నువ్వు సరిగ్గా ఆ మూడింటినే నీ తొట్టిలో మార్చి మార్చి చూస్తున్నావని అన్నయ్య చెప్పాడు. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నాను. నేను ఫోన్లో ఒకే సందేహం ఐదుసార్లు అడుగుతాననీ, కాగితం మీదైతే చెయ్యి నొప్పెట్టి ఒకసారితో ఊరుకుంటాననీ నువ్వు పెట్టిన ఆంక్ష గుర్తొచ్చి కలం పట్టాను. ఒక్కసారే అడుగుతున్నాను. ఏది కొనను?

నీ మరదలు


మేడమీది గది
ఆదివారం

డౌటమ్మా,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యకి వినిపించాను. "దానికి సందేహం పుట్టిన తరవాతే అది పుట్టింది" అన్నాడు. నేను కాదు, నీ తోడబుట్టినవాడే అన్నాడు, గుర్తుంచుకో.

ఇక మన ముగ్గురు పంపులమ్మల సంగతి. పత్రికలో మర్యాదగా రాశాను. నీకు ఇంటి భాషలో చెప్తాను, వాటికి నేను పెట్టుకున్న పేర్లతో సహా.

మొదటిది దొరసాని. తిరుగుతున్నట్టే వినపడదు. అల రకరకాలుగా తిప్పుతుంది, తెల్లవారుజామున మెల్లగా, మధ్యాహ్నం జోరుగా. నత్త వెళ్ళి అడ్డుపడితే కాస్త వెనక్కి తిరిగి, విదిలించుకుని, మళ్ళీ ముందుకు తిరుగుతుంది. అన్నీ బాగున్నాయి. కానీ ఆవిడ ఒక్కదాని ఖరీదుకి చవకవి మూడు వస్తాయి.

రెండోది గుమస్తా. చెప్పినంత పని, ఇచ్చినంత జీతం. దానిమీద చెడు రాయడానికి ఏమీ లేదు, మంచి రాయడానికీ లేదు. ఒక పేరా నింపేసరికి నాకు ఆవలింత వచ్చింది.

మూడోది మొండిఘటం. గురగురమంటుంది, నిజమే. ఒకటే వేగం, అదీ నిజమే. కానీ గుప్పెడు పొడిమేత వేసి చూడు, దొరసాని దాన్ని సన్నగా గీత గీసినట్టు ఒకే వైపు తోస్తే, ఇది విసనకర్ర విసిరినట్టు తొట్టంతా పంచుతుంది. రాళ్ళ వెనక మట్టి పేరుకోలేదు. మెత్తటి పగడాలు గాలికి చేను ఊగినట్టు ఊగాయి. పెట్టిన ప్రతి రూపాయికీ వచ్చిన నీటి కదలిక చూస్తే దీని ముందు మిగతా రెండూ నిలబడవు. అదే రాశాను, పత్రికలో మొదటి స్థానం దానికే.

నా తొట్టిలో మొండిఘటాలు రెండు పెట్టుకున్నాను, నువ్వూ రెండు కొను. తొట్టి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, కొంచెం పక్కకి తిప్పి పెట్టు. రెండు ధారలూ నడిమధ్య గుద్దుకుంటాయి, పగడాలకి కావలసింది ఆ గందరగోళమే. పైగా ఒకటి పడుకున్నా రెండోది తొట్టిని కాస్తుంది. దొరసాని ఒక్కతే ఉండి ఆగిపోతే ఎవరు దిక్కు?

ఇక ఆలోచించకు. నీ బుర్ర పంపు కాదు, రాత్రింబవళ్ళు తిప్పడానికి.

నీ వదిన

ఇంకో సంగతి. ఈ మధ్య సంఘంలో ఎవరు ఏం కొన్నా ముందు నన్ను అడుగుతున్నారు. మొన్న దుకాణంలో ఒకాయన నన్ను గుర్తుపట్టి, చేతిలో ఉన్నది కింద పెట్టేసి, "మేడమ్, మీరు చెప్తే కొంటాను" అన్నాడు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను, ఏ కోణంలో మేడమ్‌లా ఉన్నానా అని.


జంతుశాస్త్ర విభాగం, వసారా
వానలు పట్టుకున్నాక

వదినా,

తొట్టి పక్కన స్టూలు వేసుకుని రాస్తున్నాను. మొండిఘటాలు రెండూ గురగురమంటున్నాయి. మొదట్లో చిరాకేసింది. ఇప్పుడు సెలవురోజు ఇంట్లో కూచుంటే చెవికి ఏదో లోటుగా ఉంటోంది.

నువ్వు పంపిన పగడం ముక్క మూడు వారాలు ముడుచుకుని కూచుంది. నేను చంపేశాననే అనుకున్నాను. పోయిన మంగళవారం మొదటి గంటకి వెళ్తూ చూస్తే ఒక్కొక్క నోరూ విచ్చుకుని ఉంది, లేత ఆకుపచ్చగా, అంచున ఊదా రంగుతో. నేను క్లాసుకి ఆలస్యంగా వెళ్ళాను. ఆలస్యం ఎందుకో చెప్పి పిల్లలందరినీ వసారాలోకి తీసుకొచ్చాను. పుస్తకంలో బొమ్మ చూసి పగడం రాయి అనుకున్నవాళ్ళు, అది మేతని నోటికి అందుకోవడం చూసి, బెల్లు కొట్టినా కదల్లేదు. మా పిల్లలు బెల్లు కొట్టాక కదలకపోవడం అంటే ఏమిటో నీకు తెలియదు.

చారల చేప ఒకటి ఉంది. ఎవరు దగ్గరికొచ్చినా అద్దానికి ముక్కు ఆనించి గదమాయిస్తుంది. దానికి పిల్లలు ప్రిన్సిపాల్‌గారు అని పేరు పెట్టారు. అసలాయన రోజూ వచ్చి దాని ముందు రెండు నిమిషాలు నిలబడి వెళ్తున్నారు. ఆ పేరు ఆయన చెవిన పడకూడదని మొక్కుకుంటున్నాను.

ఇరవై ఏళ్ళుగా పాఠం చెప్తున్నాను వదినా, అది పనికొస్తోందో లేదో ఏనాడూ గట్టిగా అనుకోలేకపోయాను. ఈ మూల దగ్గర మాత్రం అనుకోగలుగుతున్నాను. ఇది నీ చలవే. నీ పంపులు ఎలా ఉన్నాయి?

నీ మరదలు


మేడమీది గది కాదు, వంటింటి బల్ల
రంగులవాళ్ళు వచ్చిన వారం

డౌటమ్మా,

ఇల్లంతా రంగుల వాసన. మేడమీద గోడలు గీకుతున్నారు, అందుకని నా రాజ్యం తాత్కాలికంగా వంటింట్లోకి మారింది. నా తొట్టి మీద దుమ్ము పడకుండా దుప్పట్లు కప్పాం, తడిబట్టలు ఆరేసిన డాబాలా ఉంది.

సంచిక వచ్చింది. నా పంపుల వ్యాసం గురించి సంఘం సమావేశంలో లేచి నిలబడి మాట్లాడారు. వచ్చే సంచిక నుంచి పరికరాల పేజీ మొత్తం నాకే అప్పగించారు. మీ అన్నయ్య వెనక వరసలో కూచుని చప్పట్లు అందరికంటే ఆలస్యంగా ఆపాడు. అందరూ తిరిగి చూశారు.

నీ పగడం విచ్చుకుందంటే నా కడుపు నిండింది. నా పంపులు ఎలా ఉన్నాయంటావా, పంపులు పంపుల్లాగే ఉన్నాయి. వాటిని అడిగి చెప్పమంటావా?

పనివాళ్ళు టీ అడుగుతున్నారు. ఉంటాను.

నీ వదిన


స్టాఫ్‌రూమ్
పరీక్షల ముందు

వదినా,

ఒకసారే అడుగుతానన్న మాట తప్పుతున్నాను.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. వచ్చాక లైట్లు వెలిగాయి, ఎడమ పంపు తిరిగింది, కుడిది తిరగలేదు. గురగుర కాదు, లోపల ఈగ చిక్కుకున్నట్టు సన్నగా ఒక మోత. చెయ్యి పెట్టి కుదిపితే లేచింది. ఇది మామూలేనా? నీ దగ్గర ఎప్పుడైనా ఇలా అయిందా?

ఎందుకు అడుగుతున్నానంటే, విభాగానికి ఈ ఏడాది ఇచ్చినదాంట్లో కొంత మిగిలింది. నెలాఖరులోపు కాగితం పెడితే దొరసానిని కొనొచ్చు. నెల దాటితే వెనక్కి పోతుంది. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, మొదట కొన్నవి సరిగా లేవని చెప్పాలి. ఆయన ఎందుకు సరిగా లేవంటారు, నా దగ్గర జవాబు ఉండాలి. ఒక్కసారి మొరాయించినంత మాత్రాన నేను గోరంతని కొండంత చేస్తున్నానేమో. చెయ్యడం లేదేమో కూడా. నువ్వు ఏదో ఒకటి చెప్పు, అలాగే చేస్తాను.

నీ మరదలు


మేడమీది గది
బుధవారం

డౌటమ్మా,

ఉప్పు పేరుకుంది, అంతే. రెండింటినీ విప్పి వెనిగర్ కలిపిన నీళ్ళలో ఓ పూట నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో తోమి పెట్టు. నెలకోసారి అలా చెయ్యి.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి నీ ఎంపిక నువ్వే తప్పుపట్టుకుంటావా? రేపు ఇంకేం అడిగినా ఆయన ఇదే ఎత్తిచూపుతాడు. నీ జబ్బు పంపులో లేదు, నీ బుర్రలో ఉంది. దానికి వెనిగర్ పనిచెయ్యదు.

హాయిగా పరీక్షలు పెట్టుకో.

నీ వదిన


ఇల్లు
సెలవుల తరవాతి రోజు

వదినా,

అంతా పోయింది.

పరీక్షలయ్యాక వరసగా మూడు రోజులు సెలవు ఇచ్చారు. తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చాను, మేత ఎంత వెయ్యాలో పొట్లాలు కట్టి మరీ ఇచ్చాను. ఈ ఉదయం వసారా మలుపులోనే వాసన తెలిసింది. నడవడం మానేసి కాసేపు నిలబడ్డాను. ఇంకో నాలుగడుగులు వేస్తే చూడాలి కదా.

లైట్లు వెలుగుతున్నాయి. హీటరు దీపం ఎర్రగా ఉంది. నీళ్ళు పాలు విరిగినట్టున్నాయి. పంపులు రెండూ వేడిగా ఉన్నాయి, రెండూ ఆ ఈగ మోత మోస్తున్నాయి, ఒక్కటీ తిరగడం లేదు. మధ్యలో కరెంటు పోయి వచ్చిందట. లైట్లు వెలిగాయి కాబట్టి వాచ్‌మన్ అంతా బాగానే ఉందనుకున్నాడు. అతన్ని ఏమనగలను? నేనైనా దూరం నుంచి చూస్తే అలాగే అనుకునేదాన్ని.

చేపలు నీళ్ళమీద పక్కకి వాలి ఉన్నాయి. నీ పగడాన్ని ముట్టుకుంటే వేలికి జిగురుగా అంటుకుని ఊడివచ్చింది. నేనే తీశాను, ఎవర్నీ తియ్యనివ్వలేదు. పిల్లలు వచ్చేలోపు తొట్టి మీద గుడ్డ కప్పాలనుకున్నాను, కప్పలేకపోయాను. వాళ్ళు వచ్చి చూశారు. ఒకమ్మాయి మెల్లగా, "ప్రిన్సిపాల్‌గారు ఎక్కడ మేడమ్" అంది. అసలాయన సరిగ్గా అప్పుడే నా వెనక నిలబడి ఉన్నారు.

ఆయన అరవలేదు. గదిలోకి పిలిచి, చస్తే మీది అన్నాను గుర్తుందా అన్నారు. సంరక్షణలో నిర్లక్ష్యం అని రాసి, దానికి సంజాయిషీ అడిగారు. అది నా ఫైల్లో ఉంటుంది. ఆ మూల జిరాక్స్ మిషనుకి ఇస్తారట.

నువ్వు చెప్పినట్టే నెలనెలా వెనిగర్‌లో కడిగాను వదినా. పోయిన వారం కూడా కడిగాను. బ్రష్షు గట్టిగా వేశానా? తిరిగి బిగించేటప్పుడు ఏదైనా తప్పుగా పెట్టానా? రెండు పంపులు ఒకేసారి ఎలా పడుకుంటాయి? ఒకటి ఆగితే రెండోది కాస్తుందన్నావు. నేను ఏం తప్పు చేశానో చెప్పు. సంజాయిషీలో అదే రాసి ఇస్తాను.

నీ మరదలు


మేడమీది గది
శుక్రవారం

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. ఏడవకు. ఈ అభిరుచిలో దిగినవాళ్ళు ఎవరూ ఒక తొట్టినైనా పోగొట్టుకోకుండా లేరు. ప్రాణం ఉన్నవాటితో పెట్టుకున్నాక ప్రాణం పోవడం కూడా అందులో భాగమే.

ఏం తప్పు చేశావో ఇంతదూరం నుంచి ఎలా చెప్పను? ఒక్కోసారి కడిగాక కూడా లోపల ఉప్పు గరుకు మిగులుతుంది. మూడు రోజులు వదిలి ఉండకపోతే బాగుండేది. సంజాయిషీలో ఎక్కువ వివరాల్లోకి పోకు. విద్యుత్ అంతరాయం వల్ల అని రాసెయ్యి, ఎవరిమీదకీ రాదు.

మనసు కుదుటపడ్డాక మళ్ళీ మొదలుపెడదాం. పగడం ముక్క మళ్ళీ నేనే ఇస్తాను.

నీ వదిన

బుజ్జీ, అన్నయ్యని. ఈ కవరు పోస్టులో వెయ్యమని మీ వదిన నా చేతికిచ్చింది, అంటించే ముందు నాలుగు ముక్కలు నేనూ రాస్తున్నాను. బాధపడకు. ఆ దిక్కుమాలిన పంపులు మా ఇంట్లోనూ అదే వేషం వేశాయి. కరెంటు వచ్చినప్పుడల్లా మీ వదిన మెట్లెక్కి పరిగెత్తి, చేత్తో తట్టి లేపేది. ఇంట్లో మనిషి ఉంటుంది కాబట్టి సరిపోయింది. రంగులవాళ్ళు మేడమీద ఉన్నప్పుడే విసుగొచ్చి రెండూ పీకేసి, ఆ ఖరీదైనది తెచ్చి పెట్టింది. అప్పట్నుంచి ఆ గదిలో రేడియో వినపడుతోంది. నువ్వూ ఈసారి అదే కొను.


స్టాఫ్‌రూమ్
సోమవారం

వదినా,

అన్నయ్య నాలుగు ముక్కలు రాశాడు. నువ్వు చూసి ఉండవు. చూసి ఉంటే ఆ కవరు నాకు చేరేది కాదు, ఇంతకుముందైతే ఇలాంటి మాట నీ గురించి అనుకుని ఉండేదాన్ని కాదు.

మొదట నమ్మలేదు. అన్నయ్యకి తేదీలు గుర్తుండవు అనుకున్నాను. నీ తరఫున వాదించడం నాకు ఎంత అలవాటో చూడు. తరవాత నీ ఉత్తరాలు తీశాను. రంగుల వాసన అన్న ఉత్తరంలో నీ పంపులు ఎలా ఉన్నాయంటే పంపులు పంపుల్లాగే ఉన్నాయన్నావు. చదివి నవ్వుకున్నాను, క్లాసులో పిల్లలకి కూడా చెప్పాను ఆ మాట. అప్పటికి నీ దుప్పట్ల కింద దొరసాని తిరుగుతోంది.

అది కూడా పోనీ అనుకుంటాను. ఇల్లంతా చిందరవందరగా ఉంది, రాయడానికి తీరిక లేదు, సరే. కానీ ఆ తరవాతే కదా నేను పనిగట్టుకుని అడిగింది, నీ దగ్గర ఎప్పుడైనా ఇలా అయిందా అని. అంతకంటే సూటిగా నాకు అడగడం రాదు. నువ్వు నా బుర్రలో జబ్బు ఉందన్నావు. దొరసానిని కొనడానికి కాగితం రాసి సొరుగులో పెట్టుకున్నాను. నీ ఉత్తరం చదివి చింపేశాను.

నలభై దాటిన మనిషిని, నా సందేహాల మీద నేనే జోకులు వేసుకుంటాను. కానీ వదినా, ఆ రోజు నా సందేహం సరైనది. జీవితంలో ఒక్కసారి సరైన చోట, సరైన వేళ అనుమానం వచ్చింది, దాన్ని నువ్వు నా చేతే నొక్కించావు. పంపు సంగతి దాచినందుకంటే దీనికి ఎక్కువ మండుతోంది.

ఎందుకు అని అడగను. ఒక్క పని చెయ్యి. కరెంటు పోయి వస్తే ఈ పంపులు లేవవు, నా దగ్గరా అలాగే అయింది అని ఒక్క వాక్యం మా ప్రిన్సిపాల్‌కి రాసి పంపు. అదే వాక్యం నీ పేజీలో వెయ్యి, నీ మాట మీద కొన్నవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో నాకంటే నీకే తెలుసు. సంజాయిషీకి నెలాఖరు వరకు గడువు తీసుకున్నాను.

నీ మరదలు


మేడమీది గది

అమ్మడూ,

మీ అన్నయ్యతో రెండు రోజులుగా మాట్లాడటం లేదు. తప్పు ఆయనది కాదని తెలుసు. ఎవరో ఒకరి మీద అలగాలి కదా.

దాచాను. కాదనను. పత్రిక అచ్చయి ఇంటింటికీ వెళ్ళిన వారానికే నా మొండిఘటాల్లో ఒకటి మొదటిసారి మొరాయించింది. ఒక్కసారే కదా అనుకున్నాను. నాలుగోసారికి అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. అదే వారం పేజీ నా చేతికొచ్చింది. మొదటి సంచికలోనే నేను చెప్పింది తప్పు అని రాసుకోవాలా?

మనిద్దరం కలిసి చదువుకున్న రోజుల్లో క్లాసులో నేను ఎప్పుడూ నీ కంటే ముందుండేదాన్ని, నీకు గుర్తుందో లేదో. చదువు మధ్యలో ఆపి మీ ఇంటికొచ్చాను, ఎవరూ ఆపమనలేదు, నేనే ఆపాను. నువ్వు స్టాఫ్‌రూమ్ అని పైన రాసి ఉత్తరం మొదలుపెడతావు. నేను మేడమీది గది అనో వంటింటి బల్ల అనో రాస్తాను. నన్ను మేడమ్ అని పిలిచే చోటు ఈ లోకంలో ఆ సంఘం ఒక్కటే. అది పోతే నాకు ఏం మిగులుతుందో నువ్వు చెప్పు.

నీ పంపుల్లో ఒకటి లేచింది కదా అప్పుడు, రెండోది ఉంది కదా, కాలేజీలో ఎవరో ఒకరు ఉంటారు కదా అనుకున్నాను. నీకు నిజం చెప్తే నువ్వు పదిమందికి చెప్తావు. దాపరికం నీకు రాదు.

మీ ప్రిన్సిపాల్‌కి రాయలేను, నా పేరు ఆయన దగ్గర ఎందుకు? పేజీలో మాత్రం రాస్తాను. నమ్ము.

నీ వదిన


స్టాఫ్‌రూమ్
నెలాఖరు

వదినగారికి,

పత్రిక అందింది. మీ పేజీ చదివాను. "ఒక కళాశాలలో నెలవారీ శుభ్రతను సరిగా పాటించనందున పంపులు మొరాయించి అక్వేరియం మొత్తం నష్టపోయిన ఉదంతం మా దృష్టికి వచ్చింది. ఎంత మంచి పరికరమైనా యజమాని శ్రద్ధ తీసుకోకపోతే నిరుపయోగమే." వాక్యం చక్కగా కుదిరింది. మీకు ముందునుంచీ వచ్చిన విద్యే, నా పరీక్ష వ్యాసాలు మీరే కదా దిద్దేవారు.

మా లైబ్రరీకి కూడా పత్రిక వస్తుంది. నాకంటే ముందే ప్రిన్సిపాల్ చదివారు. సంజాయిషీ తీసుకెళ్ళేసరికి ఆ పేజీ తెరిచి బల్లమీద ఉంది. ఆ కళాశాల మనదేనా మేడమ్ అని అడిగారు. ఔనన్నాను. మీకు ఈ సంగతి ఊహకి వచ్చి ఉండదని నాకు నేను చెప్పుకుందామని చూశాను. ఎంత ప్రయత్నించినా ఈసారి మీ తరఫున మాట దొరకలేదు.

అటెండర్ చేత బకెట్‌తో ఉప్పునీళ్ళు ఆయన గదిలోకి తెప్పించాను. పంపులు రెండూ ఆయన ఎదురుగానే విప్పాను, లోపల ఉప్పు గరుకు ఉందేమో వేలు పెట్టి చూడమన్నాను. చూశారు. లేదు. బిగించి, నీళ్ళలో దించి, స్విచ్చి ఆయన్నే వెయ్యమన్నాను. తిరిగాయి. ఆపి వెయ్యమన్నాను. తిరిగాయి. ఆయన నా వైపు చూశారు. మళ్ళీ వెయ్యమన్నాను. ఒకటి లేవలేదు. ఇంకోసారి వేస్తే రెండూ లేవలేదు. ఆ ఈగ మోత ఆ గదిలో నాకంటే ఆయనకే బాగా వినపడింది, కుర్చీలోంచి లేచి వంగి విన్నారు.

ఈ పరీక్ష ఎలా చేసుకోవాలో రాసి మీ సంఘం కార్యదర్శికి పంపాను. మీ పేజీకి కాదు. ఎవరి బకెట్‌లో వాళ్ళు చూసుకుంటారు. అందులో ఎవరి పేరూ లేదు.

ప్రిన్సిపాల్ స్విచ్చి ఆపేసి, చేతులు తుడుచుకున్నారు. నిర్లక్ష్యం అన్న మాట కొట్టేశారు. తరవాత కలం అలాగే పట్టుకుని, "మరి ఈ పంపుల్ని ఎంచిందెవరు మేడమ్" అని అడిగారు.

నా సంగతి మీకు తెలుసు. ఏ ఊరికి మారాలన్నా, ఎవరితో ఎంతవరకు ఉండాలన్నా, పిల్లకి జ్వరమొస్తే ఏ డాక్టరన్నా, ఎందుకలా చేశావని ఎవరడిగినా నా దగ్గర ఒకటే జవాబు ఉండేది. మా వదిన చెప్పింది. ఆ జవాబు చెప్పడానికే నోరు తెరిచాను. ఆ రోజు అది అబద్ధం కూడా కాదు.

"నేనే" అన్నాను.

మిమ్మల్ని కాపాడాననుకోకండి. మా వదిన అనబోతే ఆ మాట వెనక నాకు మనిషి కనపడలేదు. ఆయన ఎంపికలో లోపం అని రాశారు, నేను చదివి సంతకం పెట్టాను.

అన్నయ్యని అడిగానని చెప్పండి. ఆయనతో మాట్లాడండి, ఆయన చేసిన తప్పేమీ లేదు.

మీ ఆడపడుచు